అశ్వస్తనికుడు ఎక్కడున్నాడు?



ఉగాదికి ముందు నల్లమల అడవి గుండా శ్రీశైలానికి కాలినడకన వెళ్ళే భక్తబృందంతో కొన్నేళ్ళ క్రితం నేనూ నడిచాను. ఆత్మకూరు సమీపాన ఉన్న వెంకటాపురం నుంచి నాగలూటి, పేచెరువు, భీమునికొలను మీదుగా కైలాసద్వారం చేరే పురాతన మార్గమది. పేచెరువు వద్ద చెంచుగూడెం ఎదుట విశ్రమించినప్పుడు మా సహయాత్రికులొకరు ఆ గుడిసెల వైపు చూశారు. వారు సదాచారపరులు, నిత్యానుష్ఠానం తప్పనివారు. "వీళ్ళకి రేపటి ధ్యాస ఉండదండీ. దొరికిననాడు తింటారు, దొరకనినాడు పస్తుంటారు. దాచుకోవడం తెలిస్తే ఇలా ఎందుకుంటారు?" అన్నారు. ఆ మాటలో ద్వేషం లేదు, జాలి మాత్రమే ఉంది. ఆ రాత్రి భీమునికొలను దగ్గర వారే మాకు అపరిగ్రహాన్ని గురించి చక్కని ప్రసంగం చేశారు. నేను శ్రద్ధగా విన్నాను, మెచ్చుకున్నాను కూడా. ఆ రెండు మాటలూ ఒకే నోట ఎలా వచ్చాయన్న సందేహం నాకు తట్టింది ఇంటికి వచ్చిన తరువాతనే.

మనుస్మృతి చతుర్థాధ్యాయం గృహస్థుణ్ణి అతని ధాన్యసంగ్రహాన్ని బట్టి నాలుగు విధాలుగా విభజించింది. గాదెనిండా ధాన్యం గలవాడు కుసూలధాన్యకుడు. కుండెడు గలవాడు కుంభీధాన్యకుడు. మూడు దినాలకు సరిపడా గలవాడు త్ర్యహైహికుడు. రేపటికంటూ ఏదీ మిగల్చనివాడు అశ్వస్తనికుడు; శ్వః అంటే రేపు కదా. ఈ నలుగురిలో ముందువాని కంటె తరువాతివాడు శ్రేష్ఠుడని అక్కడి నిర్ణయం. అంటే మా మిత్రులు జాలిపడిన లక్షణమే శాస్త్రదృష్టిలో గృహస్థధర్మానికి శిఖరం. ఆ విభాగానికి కొంచెం ముందే జీవికలకు పేర్లు పెట్టారు. పొలంలో రాలిన గింజలు ఏరుకొని జీవించడం ఋతం, అడగకుండా లభించినది అమృతం, అడిగి తెచ్చుకున్నది మృతం, వాణిజ్యం సత్యానృతం. ఇక సేద్యానికి పెట్టిన పేరు ప్రమృతం. అన్నదాత అని మనం నమస్కరించే కర్షకుని వృత్తికి మరణవాచకమైన పేరు ఎందుకు వచ్చిందో తరువాత చెబుతాను.

ఈ విధులు ద్విజగృహస్థుని ఉద్దేశించి చెప్పినవి, వనచరులను ఉద్దేశించి కాదు. ఆ సంగతి మరచి చెంచులకు స్మృతిప్రమాణం అంటగట్టడం నా అభిప్రాయం కాదు. నేను అడిగేది వేరు. మనం సర్వోత్కృష్టమని పఠించే జీవనరీతిని నిజంగా ఎవరైనా ఒక సమాజంగా జీవించారా? మహాభారతంలో ఉంఛవృత్తితో జీవించిన ముద్గలుడు కనిపిస్తాడు. కురుక్షేత్రంలో సక్తుప్రస్థుడైన బ్రాహ్మణుని కుటుంబం కనిపిస్తుంది. వారి పిండి రేణువులు సోకి ముంగిస సగం దేహం బంగారమైన కథ అందరికీ తెలిసినదే. తెలుగువారికి ఆరాధ్యుడైన త్యాగరాజస్వామి ఉంఛవృత్తినే ఆశ్రయించారు (ఆనాటికి ఆ మాటకు వీధుల్లో నామసంకీర్తనం చేస్తూ భిక్ష స్వీకరించడమనే అర్థం స్థిరపడింది). వీరందరూ ఏకాకులైన మహాత్ములు. వారి చుట్టూ ఉన్న ఊరు మాత్రం గాదెలు నింపుకొనే ఊరే.

మానవజాతి చరిత్రలో అత్యధిక భాగం, సేద్యం ఆరంభం కావడానికి ముందు, మనుష్యులందరూ వేటతోను ఆహారసేకరణతోను జీవించినవారే. ఇప్పటికీ అక్కడక్కడ మిగిలిన అటువంటి జనాలను అధ్యయనం చేసిన జేమ్స్ వుడ్‌బర్న్ అనే ఆంగ్ల మానవశాస్త్రవేత్త 1982లో ఒక విభాగం ప్రతిపాదించాడు. శ్రమించిన నాడే, లేదా ఒకటి రెండు దినాల్లోనే, ఆ శ్రమఫలాన్ని అనుభవించి ముగించే సమాజాలు కొన్ని. ఫలం కోసం నెలలు, ఏళ్ళు నిరీక్షించి, నిలువచేసి, దానికి హక్కులూ వారసత్వాలూ ఏర్పరచుకొనే సమాజాలు కొన్ని. మన పరిభాషలో చెప్పాలంటే తక్షణఫల సమాజాలు, విలంబితఫల సమాజాలు. టాంజానియాలోని హద్జా జనులను దశాబ్దాలుగా పరిశీలించి ఆయన చెప్పిన ఈ మాట చదివినప్పుడు నాకు అశ్వస్తనికుడు అన్న పదమే స్ఫురించింది. ఆ పదానికి ఒక ఊరంత అర్థం ఉండగలదని అప్పుడే తెలిసింది.

మళ్ళీ నల్లమలకే వద్దాం. చెంచుల జీవనాన్ని సవిస్తరంగా తొలిసారి గ్రంథస్థం చేసినవాడు ఆస్ట్రియా దేశీయుడైన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్. నాటి హైదరాబాదు రాజ్యంలోని అమ్రాబాద్ పీఠభూమిలో వారి నడుమ నివసించి ఆయన రచించిన గ్రంథం 1943లో వెలువడింది. అడవిమనుషులంటే విల్లమ్ములు పట్టి నిత్యం జంతువులను వధించేవారని మనకొక చిత్రం ఉంది. ఆ గ్రంథంలో కనిపించేది వేరు. వారి ఆహారంలో ప్రధానభాగం అడవి దుంపలు. ఉదయమే స్త్రీలు కొనకు ఇనుము తొడిగిన తవ్వుకోల, వెదురుబుట్ట తీసుకొని బయలుదేరుతారు. ఎండిన తీగను చూసి నేలలో గడ్డ ఎంత లోతున ఉందో గ్రహించి, రాళ్ళ నడుమ తవ్వి తీస్తారు. పురుషులూ తవ్వుతారు. తెచ్చినదాన్ని ఉడికించో కాల్చో ఆనాడే తింటారు. గడ్డను సమూలంగా పెకలించక కొంత భాగాన్ని మట్టిలోనే వదిలితే మరల చిగురిస్తుందని గూడెం పెద్దలు చెబుతారు. వేసవిలో ఇప్పపువ్వు, తునికి, మొర్రి పండ్లు, ఆ పైన నేరేడు, శీతకాలంలో ఉసిరి, చింత. ఆకుకూరలు వానల్లో. ఋతువు వడ్డించిన విస్తరి అని మనం కవిత్వంగా అనే మాట అక్కడ అక్షరార్థంలోనే నిజం. వేట ఉండేది, కాని అది దైవికంగా లభించే అదనపు భాగం. పెద్దజంతువు పడితే మాంసంలో చిన్నముక్కను కాల్చి అడవితల్లి గారెల మైసమ్మకు నివేదించి, తరువాతనే పెంటలోని ఇళ్ళన్నిటికీ పంచేవారు. (పెంట అంటే చెంచుల పల్లె, మన మైదానపు అర్థంతో చూసి నవ్వకూడదు.) తవ్విన దుంపలు తవ్విన కుటుంబానివే, వేటమాంసం మాత్రం అందరిదీ.

దేవతకు అర్పించి, పదిమందికీ పంచి, మిగిలినది తాను తినడం. దీనికి మన పరిభాషలో యజ్ఞశిష్టమని పేరు. భగవద్గీత తృతీయాధ్యాయం తనకోసమే వండుకొనేవాణ్ణి గురించి ఎంత కఠినంగా చెప్పిందో సాధకులకు వేరే గుర్తుచేయనక్కరలేదు. మనలో ఎందరి ఇళ్ళలో నైవేద్యం గిన్నె పొరుగింటి దాకా వెళుతున్నది?

తేనె సంగతి ఇంకా విచిత్రం. నిట్టనిలువు కొండచరియలకు వేలాడే పెద్దపట్టుల కోసం చెంచు పురుషుడు తాడు పట్టుకొని రాత్రివేళ లోయలోకి దిగుతాడు. పైన ఆ తాటికి కాపలా ఉండేవాడు అతని అన్నో తమ్ముడో కాడు, భార్యకు సోదరుడైన బావమరిది. తోబుట్టువు విధవ కాకూడదన్న తపన ఉన్నవాని చేతిలోనే ప్రాణం పెట్టాలని వారి లెక్క. శ్రీశైలంలో స్వామికి జరిగే పంచామృతాభిషేకంలో తేనె ధార చూసినప్పుడల్లా నాకు ఆ తాడు గుర్తుకు వస్తుంది. ఆ మల్లన్నను చెంచులు తమ ఆడపడుచును పరిణయమాడిన అల్లుడిగా భావించి చెంచు మల్లయ్య అని పిలుచుకుంటారు.

చెంచుల నుంచి ఒక్కసారి దూరంగా, ఆఫ్రికా ఖండపు కలహారి ఎడారికి వెళ్ళాలి. ఎందుకంటే నేను చెప్పదలచిన విషయానికి అత్యంత స్పష్టమైన దృష్టాంతం అక్కడ ఉంది. 1963 నుంచి బోట్స్వానాలోని దోబే ప్రాంతంలో కుంగ్ శాన్ జనులతో కలిసి నివసించిన రిచర్డ్ లీ వారి వేటనియమాలను నమోదు చేశాడు. అక్కడ జంతువును కొట్టినవాడు మాంసానికి యజమాని కాడు. మొదట తాకిన బాణం ఎవరిదో వారే యజమాని, పంచే బాధ్యత వారిదే. బాణాలు ఒకరికొకరు ఇచ్చుకుంటూనే ఉంటారు. వేటాడలేని వృద్ధుని బాణం, ఒక్కోసారి స్త్రీ ఇచ్చిన బాణం, యువకుని అమ్ములపొదిలో ఉంటుంది. కనుక గురి ఒకరిది, ఫలం మరొకరిది. అంతటితో ఆగలేదు. గొప్ప వేట చేసివచ్చినవాణ్ణి ఎవరూ పొగడరు. ఇంత బక్కజంతువు కోసమా మమ్మల్ని మోయడానికి పిలిచావు అని ఎగతాళి చేస్తారు. వేటగాడూ తలవంచుకొని, అవును, ఏముంది దీనిలో అంటాడు. క్రిస్మస్ పండుగకు వారికి విందు చేయాలని లీ ఎంతో బలిసిన ఎద్దును కొనితెస్తే, అది ఎముకలగూడు అని వారందరూ కలిసి ఆయన్ను దిగాలుపరచిన ఉదంతం ఆయన 1969లో వ్రాశాడు. కారణం తరువాత తెలిసింది. ఎక్కువ మాంసం తెచ్చినవాడు తానొక నాయకుణ్ణని, తక్కినవారు తన సేవకులని తలచడం మొదలుపెడతాడు. ఆ అహంకారం నేడో రేపో ఎవరినైనా చంపుతుంది. అందుకే ముందుగానే వాని హృదయాన్ని చల్లబరుస్తారట.

కర్మఫలత్యాగం, కర్తృత్వాహంకార నిరాసం. ఈ రెండింటి కోసం మనం గీతాభాష్యాలు చదువుతాం, శిబిరాలకు వెళతాం, ధ్యానం చేస్తాం. చేసిన దానానికి మాత్రం సత్రం గోడమీద పేరు చెక్కించుకుంటాం. ఆ ఎడారివాసులు ఏ భాష్యమూ చదవలేదు. ఎవరి మనస్సునూ నమ్మలేదు కూడా. అహంకారం సహజంగా పుడుతుందని ఒప్పుకొని, దానికి మందును పంక్తిభోజనంలోనే కలిపారు. నా అభిప్రాయం ఇదే. వైరాగ్యానికి ఆచారమనే దేహం కావాలి. ఒంటరి మనస్సులో పుట్టిన అపరిగ్రహం, సంగ్రహమే గౌరవంగా చెలామణి అయ్యే సమాజంలో, ఒక తరానికి మించి నిలువదు. త్యాగరాజస్వామి వీధిలో గాదెలు అట్లాగే ఉండిపోయాయి.

దీనిపై పూర్వపక్షం బలంగానే ఉంది. మొదటిది: వారికి దాచుకొనే సాధనమూ అవకాశమూ లేవు గనుక దాచలేదు, అది అశక్తత గాని వైరాగ్యం కాదు అని. కొంతవరకు ఇది సత్యమే. ఏ చెంచు పెద్దనైనా జీవన్ముక్తుడని చెప్పే సాహసం నేను చేయను. అయితే వారు సేద్యాన్ని చూడనివారు కారు. శతాబ్దాలుగా యాత్రికుల దారుల పక్కనే, రైతుల పల్లెల పొరుగునే ఉన్నారు. తేనె, అటవీద్రవ్యాలు ఇచ్చి జొన్నలు తెచ్చుకున్నారు. హద్జా జనుల పొరుగునా సేద్యం చేసేవారు, పశువులను మేపేవారు తరతరాలుగా ఉన్నారు. 1960ల దశకంలో ప్రభుత్వం వారిని స్థిరనివాసాలకు తరలించినప్పుడు అనేకులు రోగాల పాలయ్యారు, మిగిలినవారిలో చాలామంది తిరిగి అడవికే వెళ్ళిపోయారు. ఎదుట ఉన్న మార్గాన్ని చూసి కూడా స్వీకరించనివాణ్ణి కేవలం అశక్తుడని ఎట్లా అంటాం?

రెండవ ఆక్షేపణ హింస. నేను జన్మతః శాకాహారిని; వేటను సమర్థించడం నాకు సులభం కాదు. కాని ఈ ప్రశ్నను మనకంటె ముందే వ్యాసభగవానుడు ఎత్తుకున్నాడు. వనపర్వంలో కౌశికుడనే తపస్వి మిథిలానగరంలో మాంసం విక్రయించే ధర్మవ్యాధుని వద్దకు ధర్మోపదేశం కోసం వెళతాడు. ఆ వ్యాధుడు నాగలి మాట ఎత్తుతాడు. భూమిని దున్నేటప్పుడు ఆ మట్టిలో శయనించిన ఎన్ని ప్రాణులు చస్తాయో చూడమంటాడు. ధాన్యపు గింజలు కూడా జీవులేనంటాడు. స్మృతికారుడు కృషికి ప్రమృతమని పేరు పెట్టడంలోని ఆంతర్యం ఇక్కడ విశదమవుతుంది. వానప్రస్థునికి దున్నిన నేలలో పండినది నిషేధించడమూ, నిలువచేసుకున్న మునిధాన్యాన్ని ఏటా ఆశ్వయుజమాసంలో త్యజించమనడమూ ఈ భావన నుంచే వచ్చాయి. ఋషిపంచమి నాడు నాగలి తాకని నేలలో పండినదే తినాలన్న నియమం దాని శేషమే. ధర్మవ్యాధుడు హింస మంచిదని చెప్పలేదు, తన వృత్తిని పూర్వకర్మశేషంగానే చెప్పుకున్నాడు. హింస లేని అన్నం నీ విస్తరిలో ఉందని గర్వించకు అని మాత్రం చెప్పాడు. ఆ మాట నా సన్నబియ్యానికీ వర్తిస్తుంది. ఆ బియ్యం కోసం నరికిన అడవిలో ఎన్ని జింకలకు ఆశ్రయం పోయిందో నేనెన్నడూ లెక్కించలేదు.

పైగా, వ్యాధుని నైవేద్యాన్ని పరమేశ్వరుడే స్వీకరించిన క్షేత్రం శ్రీకాళహస్తి మనకు ఉంది. తిన్నడు మాంసాన్ని తాను రుచిచూసి, పుక్కిటి నీటితో అభిషేకించాడు. ధూర్జటి మహాకవి ఆ చరిత్రను మహోదాత్తంగా వర్ణించాడు. అహోబిలంలో నృసింహస్వామి చెంచులక్ష్మిని వరించాడు. కనుమ నాటి నుంచి పారువేట ఉత్సవంలో ఊరూరా సంచరిస్తాడు. దేవుడు వారితో వియ్యమందాడు. మనం వారి చేతి మంచినీళ్ళు పుచ్చుకోవడానికి సంకోచిస్తున్నాం.

మూడవ ఆక్షేపణ అందరికంటె నేనే నా మీద వేసుకోవాలి. ఇది దూరపుకొండల నునుపు కాదా? 1966లో చికాగోలో జరిగిన సదస్సులో మార్షల్ సాలిన్స్ అనే పండితుడు వేట-సేకరణ జీవులవే ఆదిమ సంపన్న సమాజాలు అన్నాడు. కోరికలు మితం గనుక వారికి లేమి లేదని ఆయన వాదం. వేదాంతులకు ఆ వాదం మధురంగా వినిపిస్తుంది. దోబేలో ఆహారార్జనకు వారానికి రెండున్నర దినాలకు మించి పట్టలేదని లీ లెక్కించాడు. అయితే వంట, నీరు, కట్టెలు, పనిముట్ల తయారీ కలిపితే ఆ శ్రమ మన వారపు పనివేళలకు దగ్గరగానే వస్తుందని తరువాత తేలింది. అదే జనంలో పుట్టిన ఐదుగురు శిశువులలో సుమారు ఒకరు తొలి సంవత్సరంలోనే మరణించేవారని నాన్సీ హోవెల్ చేసిన జనసంఖ్యాధ్యయనం చెబుతోంది. ఆ తల్లుల దుఃఖం ఎదుట సంపన్నమన్న మాట పలకడానికి నాకు నోరు రాదు. అశ్వస్తనికత్వానికి మూల్యం ఉంది. ముద్గలుని కథలో మనం ఆ మూల్యాన్ని ఉపవాసమని గౌరవిస్తాం. గూడెంలో దాన్నే పస్తు అంటాం.

నేటి నల్లమలలో ఆ జీవనమూ పూర్ణంగా లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం పులుల సంరక్షణ పథకంలోకి వచ్చింది. చెంచులను ప్రభుత్వం ప్రత్యేక దుర్బల గిరిజన సమూహంగా గుర్తించింది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారు సుమారు 64 వేలమంది. తేనె, తపసి బంక, కుంకుడుకాయలు, చిల్లగింజలు గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు, ఆ డబ్బుతో ఉప్పూ పప్పూ కొంటారు, చౌకబియ్యం తింటారు. పులుల కోసం ఊళ్ళు ఖాళీ చేయాలన్న ప్రతిపాదన ఒకవైపు, 2006 అటవీహక్కుల చట్టం ఒకవైపు. పులిని రక్షించడం ధర్మమే, అందులో నాకు సందేహం లేదు. కాని పులీ చెంచూ ఒకే అడవిలో ఇన్ని తరాలు బ్రతికారు. ఆ అడవి మిగిలి ఉండడమే దానికి సాక్ష్యం. అక్కడ నుంచి మొదట వెళ్ళవలసినవాడు చెంచు అనడం నాకు న్యాయంగా తోచదు. ఏటా లక్షల సంఖ్యలో వాహనాలతో, ప్లాస్టిక్ సీసాలతో వచ్చే మనలాంటి భక్తుల మాట ముందు తేలాలి. పునరావాసపు కాలనీలో ఇచ్చే భూమి, గాదె, తాళం వారికి వరమో కాదో నిర్ణయించవలసింది వారు. జాలితో మనం కాదు.

చైత్రపూర్ణిమకు అమ్రాబాద్ అడవిలోని సలేశ్వరం లోయకు వెళ్ళినవారు చూసే ఉంటారు. జలపాతం పక్కన గుహలో కొలువైన లింగమయ్యకు అర్చకులు చెంచులే. ఆ రోజుల్లో వేలాది ఆస్తికులు ఆ చేతుల నుంచే విభూతి, తీర్థం పుచ్చుకుంటారు. ఎవరి ఆచారానికీ లోపం కలగదు. ఈ వ్యాసం ముగించే ముందు పేచెరువు నాటి మిత్రులకు ఫోన్ చేసి ఈ సంగతులన్నీ చెప్పాను. వారు చాలాసేపు మౌనంగా విన్నారు. "అశ్వస్తనికుడన్న మాట నేనూ చదివానండీ, కాని ఎవరినో ఋషిని ఊహించుకున్నాను" అన్నారు. ఈ చైత్రంలో ఇద్దరం సలేశ్వరం వెళ్ళాలనుకున్నాం. ఈసారి సంచిలో ఎన్ని రోజుల తిండి కట్టుకోవాలన్న దగ్గర మాత్రం మాకింకా ఏకాభిప్రాయం కుదరలేదు. వారు మూడు రోజులకంటున్నారు.